ఒక్క మాట మీద

నమోదు 41

పొద్దున్నే పాఠానికి ముందు అందరి చెవిగింజలూ డబ్బాలో వేయించుకున్నాను. తీసేటప్పుడు అందరూ మొహం ముడుచుకుంటారు. గింజ చెవిలో ఉన్నంతసేపూ ఈ ఓడలో ఎవరు ఏ భాష మాట్లాడినా తెలుగే వినిపిస్తుంది. తీసేస్తే వంటగది కేకలూ మైకులో ప్రకటనలూ ఒట్టి చప్పుళ్ళయిపోతాయి.

"సెవి బోసిపోయింది టీచరమ్మా," అంది నూకరత్నం. రోజూ అంటుంది.

ఒడ్డున ఊళ్ళో వాంగ్మూలం గదిలోకి గింజను రానివ్వరు. గింజ అనువదించిన కథలన్నీ నున్నగా ఉంటున్నాయట. మనిషి ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ ఆగాడో అందులో మిగలడం లేదట. అందుకని ఆ ఊళ్ళో చోటు కావాలంటే ఎవరి గతం వాళ్ళు, సొంత నోటితో, స్పానిష్‌లో చెప్పుకోవాలి. రేపు ఏం చేస్తారని ఎవరూ అడగరు. కాబట్టి నేను భవిష్యత్తు నేర్పను. వర్తమానం వంటగది వరుసలో నిలబడడానికి సరిపడా నేర్పుతాను. మిగతా కాలమంతా గతమే.

స్పానిష్‌లో గతాలు రెండు. ఒకసారి జరిగి అయిపోయింది ఒకటి, అలా జరుగుతూ ఉండేది ఇంకొకటి. బోర్డు మీద మొదటిదానికి చుక్క పెట్టాను, రెండోదానికి గీత గీశాను. వెళ్ళాను అంటే చుక్క, వెళ్ళేదాన్ని అంటే గీత. అప్పట్నించి నా తరగతిలో ఉన్న, నీళ్ళలో ఊరు పోయిన పొన్నరేవు వాళ్ళకి అవి చుక్క గతం, గీత గతం అయిపోయాయి.

"మేడమ్ గారూ, మా ఆవిడ నన్ను తిట్టడం చుక్కాండీ, గీతాండీ?" అని బుల్లెబ్బాయి అడిగాడు. పడవ నడిపేవాడు, ఏదో ఒకటి అనకపోతే కూర్చోలేడు.

"గీత," అన్నాను.

"వినపడలేదండి."

"గీత," అన్నాను మళ్ళీ, కాస్త గట్టిగా. అందరూ నవ్వారు. వాళ్ళావిడ కూడా నవ్వింది.

నా గొంతు చిన్నది. బడిలో సిస్టర్ పిలార్ దగ్గర స్పానిష్ నేర్చుకున్నప్పుడు కూడా వెనక బెంచీలోంచే అప్పజెప్పేదాన్ని. వరుసలో లేచి నిలబడి, అందరం ఒకే గొంతుగా. ఇక్కడా అలాగే నేర్పుతున్నాను. ఇంకో పద్ధతి నాకు తెలియదు.

నమోదు 44

ఉతికిన బట్టలు ఆరడం లేదు. పైడెక్కు మీద సూర్యపలకలకి పట్టిన ఉప్పు గీకడం ఈ వారం నా వంతు. గాలికి చేతులు పగిలాయి.

మాదిరి పాఠం అందరికీ నోటికి వచ్చేసింది. అది నేను కల్పించిందే. మా ఇల్లు సముద్రం పక్కన ఉండేది. మాకొక మేక ఉండేది. అది నా కొంగు నమిలేది. ఒక రోజు నీళ్ళొచ్చాయి. నాన్న పైకప్పు ఎక్కాడు. పడవ వచ్చింది. అందరం ఎక్కాం.

గీతలు మూడు, చుక్కలు నాలుగు. అంతకుమించి ఆలోచించి రాసింది కాదు. మా ఇంట్లో మేకే లేదు.

చివరి వాక్యం అంటే వీళ్ళకి ఎందుకో ఇష్టం. "తోదోస్ సుబీమోస్" అని వల వేస్తున్నప్పుడు పాడినట్టు పాడతారు. పళ్ళేలు కడిగేచోట కూడా వినిపిస్తోంది. అందరం ఎక్కాం, అందరం ఎక్కాం.

రేపు పొన్నరేవు వాళ్ళకి మొదటి వాంగ్మూలం. నూకరత్నం పాత చీరల్లోంచి మంచిది తీసి పరుపు కింద మడత పెట్టుకుంది. ఆమె కూతురు మంగ ఒడ్డునే ఉంది. నీళ్ళు రాకముందే, నాచు తోటల్లో పనికని వెళ్ళిపోయిన పిల్ల. ఇప్పుడు ఆ ఊరి మనిషే. తల్లి గతం చెప్పగలిగితే కూతురి ఇంటికి వెళ్ళిపోవచ్చు. చెప్పలేకపోతే ఈ ఓడే వెనక్కి తీసుకుపోయి నీళ్ళొచ్చాక వీళ్ళు తలదాచుకున్న మెరక శిబిరంలో దింపుతుంది. అక్కణ్ణించి రెండోసారి ఎవరినీ పంపరు.

"అది పడవ దిగేచోటికే వత్తానంది," అంది నూకరత్నం. "నువ్వు రావద్దే, చలి, అన్నాను. ఇంటేనా."

నమోదు 45

లాంచీలో వెళ్ళినవాళ్ళందరూ లాంచీలోనే తిరిగొచ్చారు.

వాళ్ళ వెనకే సెన్యోరా ఇరియార్తె ఓడ ఎక్కింది. వాంగ్మూలాలు వినే మనిషి. పొడుగ్గా, జలుబుతో, అలసిపోయి ఉంది. వంటగదిలో వేణ్ణీళ్ళిస్తే గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. మేం స్పానిష్‌లోనే మాట్లాడుకున్నాం.

"సెన్యోరీత ఆగ్నేస్, మేక గురించి చెప్పండి," అంది.

చెప్పాను. అది పాఠమని, అలవాటు కోసం రాశానని.

"మొదటి మనిషి మేక గురించి చెప్పాడు. సరే అనుకున్నాను. రెండో ఆవిడా చెప్పింది. మూడో ఆయనని మేక పేరేమిటని అడిగాను. లచ్చి అన్నాడు. నాలుగో మనిషినీ అడిగాను. లచ్చి. చివరిదాకా అందరూ లచ్చి అనే చెప్పారు. ఏ రంగు అంటే నల్లది, ఒక చెవి తెల్లది."

నేను మేకకి పేరు పెట్టలేదు. రంగు కూడా చెప్పలేదు.

"నేను అబద్ధాలు చాలా విన్నాను," అంది ఆవిడ. "ఇంత శ్రద్ధగా కలిసి చెప్పినది ఎప్పుడూ వినలేదు. కట్టుకథ అని రాయక తప్పలేదు. రెండో వాంగ్మూలం ఒకటుంది. అదే ఆఖరు. ఎవరిది వాళ్ళు చెప్పాలి." గ్లాసు కింద పెట్టింది. "నాకు ఇష్టమై వెనక్కి పంపడం లేదు."

ఆవిడ వెళ్ళాక వంటగది బల్ల చాలాసేపు తుడిచాను.

నమోదు 46

గింజలు తీయించకుండానే అడిగాను, ఎందుకిలా చేశారని. నాకు కోపం వస్తే గొంతు ఇంకా చిన్నదైపోతుంది. అందుకే రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

వాళ్ళకి నా ప్రశ్న అర్థం కాలేదు. నేనేదో తప్పు మాట అన్నట్టు చూశారు.

"పేరు అడుగుతారని ముందే అనుకున్నామండి," అన్నాడు బుల్లెబ్బాయి. "రాత్తిరి భోజనాలప్పుడు కూకుని తేల్చేసుకున్నాం. మా ఆవిడ గౌరి అంది. అక్క లచ్చి అంది. అక్క మాటే కానిచ్చాం."

అక్క అంటే నూకరత్నం. బంధుత్వం ఉన్నా లేకపోయినా పొన్నరేవు అందరికీ ఆమె అక్కే.

"కానీ మేక మీది కాదు కదండీ," అన్నాను.

"మరి తలో మేకా సెబితే బాగుంటదా? మా పెద్దల ముందుకి ఎల్లినప్పుడు ఒక పడవోళ్ళు రెండు మాటలు సెప్పేరనుకోండి, ఇద్దరికీ తప్పు ఏత్తారు. ఎవుడిది నిజమని సూడరు. కలవలేదంటే ఇద్దరూ అబద్ధాలకోర్లే. ఒక్క మాట మీదున్నోళ్ళదే నిజం. మా తాతల కాడ్నించీ అంతేనండి."

మిగతావాళ్ళు తలలూపారు. పెద్దల ముందు నిలబడే ముందు ఊరివాళ్ళు కూర్చుని మాట కలుపుకోవడం వాళ్ళ మర్యాద. కలపకుండా వెళ్ళడమంటే పక్కవాణ్ణి దొంగని చేయడం. ఒడ్డున ఉన్న గది కూడా పెద్దల సభే అనుకున్నారు. వాళ్ళకి చేతనైనంత గౌరవంగా వెళ్ళారు.

ఆ గదిలో వినేది వేరే రకం మనుషులని చెప్పాను. అక్కడ అన్ని నోళ్ళలో ఒకే మాట ఉంటే అదే అబద్ధమని చెప్పాను.

"ఆళ్ళ ఊళ్ళో నిజాలు ఎలా తేలతాయో మరి," అన్నాడు బుల్లెబ్బాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నమోదు 48

మాదిరి పాఠం బోర్డు మీంచి తుడిచేశాను. ఈరోజు ఎవరి సంగతి వాళ్ళు చెప్పాలన్నాను. చిన్నదైనా చాలు. నీళ్ళొచ్చిన రోజు ఏం జరుగుతూ ఉంది, ఏం జరిగింది.

చేతులు కట్టుకుని కూర్చున్నారు. మాటలు రాక కాదు. నోట్లో స్పానిష్ ఉన్నట్టు నాకు తెలుసు. ఇన్నాళ్ళూ నేనే పోశాను.

"మీరు మొదలెట్టండి," అని బుల్లెబ్బాయిని అడిగాను. అతనైతే నవ్విస్తాడనుకున్నాను.

లేచి నిలబడ్డాడు. వాన పడుతూ ఉంది అన్నాడు. పడవలో చాలామంది ఉన్నారు అన్నాడు. ఆగిపోయాడు. నూకరత్నం వైపు చూశాడు. అందరూ ఆమె వైపే చూశారు. ఆమె తన గోళ్ళు చూసుకుంటోంది.

"మీ మేక కతే బాగుందండి," అన్నాడు తెలుగులో, కూర్చుంటూ. "అందులో ఎవురూ మిగిలిపోలేదు."

"ఇయ్యాలకి సాలు టీచరమ్మా," అంది నూకరత్నం.

గింజలు పంచేశాను. గది ఖాళీ అయింది. బోర్డు మీద ఒక గీత మిగిలింది. దాన్ని కూడా తుడిచాను. నాకు వీళ్ళమీద విసుగొచ్చింది, ఆ విసుగుకి సిగ్గేసింది, ఆ తర్వాత ఒట్టి అలసట. రెండో వాంగ్మూలానికి ఎంతో వ్యవధి లేదు. సాయంత్రం మంగ దగ్గర్నించి పలకరింపు వచ్చిందని, గది తుడిచి పరుపు వేసి ఉంచిందని నూకరత్నమే చెప్పింది. మామూలుగానే చెప్పింది.

నమోదు 50

పలకల మీద ఉప్పు గీకుతుంటే నూకరత్నం పైకి వచ్చింది. రెండో గీకుడుపార అందుకుని పక్క పలక మొదలుపెట్టింది. నాకంటే బాగా గీకుతుంది. కాసేపు గాలి చప్పుడే.

"కోయడానికి ఏటంటారు?" అంది.

"కూరలా, చేపా?"

"తాడు."

చెప్పాను.

"నేను కోసేను అనాలంటే?"

"కోర్తే."

"కోర్తే," అంది. ఇంకోసారి అంది. పార ఆగలేదు. "సుక్కే కదా అది?"

"చుక్కే."

"ఆయన అరుత్తున్నాడు. అది?"

"గీత."

"గీతే," అంది. "ఇప్పటికీని."

తర్వాత చెప్పింది. స్పానిష్‌లోనే. ఆమెకు వచ్చిన మాటలు తక్కువ కనక చిన్న చిన్న ముక్కలుగా వచ్చింది. తుఫాను షెల్టరు స్తంభానికి పడవ కట్టి ఉంది. భర్త ఇంకా ఎవరినో తీసుకురావడానికని వెళ్ళి, మెట్ల దగ్గర ఉన్నాడు. పడవ నిండిపోయింది. నీళ్ళు పడవలోకి వస్తున్నాయి. తాడు ఆమె దగ్గర ఉంది. చేపల కత్తి ఆమె నడుమున ఉంది. ఆయన అరుస్తున్నాడు. కోసింది.

నా చేతిలో పార ఊరికే ఉండిపోయింది.

"తెలుగులో ఎవరికీ సెప్పలేదు," అంది తెలుగులోకి వచ్చి. "సెప్పలేను కూడాను. ఆ మాట తెలుగులో నా నోట్లోకి రాదు. పడవలో ఉన్నోళ్ళందరూ సూసేరు. దిగిన రోజే కూకున్నారు. మెరక శిబిరంలో జొరమొచ్చి పోయేడని ఒక్క మాట మీదకొచ్చేరు. నేనడగలేదు. ఆళ్ళే అనుకున్నారు. మంగకీ అదే పంపేరు. అది నాలుగు రోజులు అన్నం తినలేదంట, తండ్రికి జొరం తగిలినప్పుడు నేను పక్కన లేకపోతినే అని."

"ఇప్పుడు వాళ్ళు చూసింది చెప్తే..."

"నా పేరొత్తది. అందుకే నోరు తెరవరు. తెరవకపోతే అందరూ ఎనక్కే."

"మీరు చెప్పమంటేనే చెప్తారు."

"అదే కదా తల్లీ," అంది. పలక అంచున గడ్డకట్టిన ఉప్పుని పార మొనతో పెకలించింది. "ఆళ్ళు నా కోసం మాట కలిపేరు. దాన్ని నేనే ఇప్పాల. మంగ తలుపు తీత్తదో లేదో."

నమోదు 51

ఈరోజు పాఠం నూకరత్నమే మొదలుపెట్టింది. నేను బోర్డు పక్కన నిలబడ్డాను.

"రేపు ఎవురు సూసింది ఆళ్ళు సెప్పండి," అంది. "కలుపుకోవద్దు."

"అక్కా, అలా ఎలాగ," అన్నాడు బుల్లెబ్బాయి.

"నోటితోనేరా. ఎప్పుడూ మూసింది లేదు కదా అది."

"నీ పేరొత్తదే."

"రానీ."

"మాట ఇప్పేత్తే మనల్ని మనుషులంటారా ఎవరేనా?"

"పెద్దోళ్ళెవరూ మిగల్లేదురా అనడానికి," అంది ఆమె. "నేనే పెద్దదాన్ని ఇప్పుడు. నేనే అంటన్నాను. మీకు తప్పు లేదు."

బుల్లెబ్బాయి భార్య ఏడుపు ఆపుకోలేక బయటికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచారు. నేను దిద్దాల్సినవి దిద్దాను. ఇన్నాళ్ళూ ఒకే గొంతుగా చెప్పించిన నేను, ఒక్కొక్క గొంతు ఎలా ఉంటుందో అప్పుడే విన్నాను. ఒకాయనకి నత్తి ఉంది. నాకు తెలియదు.

వాళ్ళు చెప్పినదాంట్లో, ఆ రోజు బుల్లెబ్బాయి కుండతో పడవలో నీళ్ళు తోడిపోస్తూ ఉన్నాడు. కుండనే చూస్తూ ఉన్నాడు. వాళ్ళావిడ కొంగుతో ఎవరి పిల్లో ముక్కు తుడుస్తూ ఉంది. నత్తి ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. తాడు తెగింది, పడవ కదిలింది అన్నారు. తాడు దగ్గర ఎవరున్నారో ఒక్కరి వాక్యంలోనూ లేదు. అందరూ వేరే వైపు చూస్తూ ఉన్నారు.

నిజంగా అటే చూశారో లేదో నేను అడగలేదు.

నమోదు 52

వాంగ్మూలం గదిలో ఒక చిన్న పొయ్యి, రెండు కుర్చీలు, కిటికీ. మూలనున్న పీట మీద నన్ను కూర్చోనిచ్చారు, నోరు విప్పకూడదన్న షరతు మీద. అది నాకు కష్టం కాదు.

మిగతావాళ్ళందరివీ ముందే అయిపోయాయి. ఇరియార్తె ఒక్కొక్కరినీ చివర్లో ఒకటే అడుగుతోంది: ఇది మీదేనా? కుండ గురించి బుల్లెబ్బాయిని చాలాసేపు అడిగింది. అతను దానికి ఉన్న సొట్ట గురించి కూడా చెప్పాడు. నాది అన్నాడు. అతన్నీ, మిగతావాళ్ళనీ ఊళ్ళోకి తెరుచుకునే అవతలి గుమ్మంలోంచి పంపించారు.

నూకరత్నం ఆఖర్న వచ్చింది. మంచి చీర కట్టుకోలేదు. రోజూ కట్టేదే కట్టుకుంది.

చెప్పింది. ఉప్పు గీకేచోట చెప్పినట్టే, కానీ ఇంకా నెమ్మదిగా. ఒకచోట క్రియ తప్పింది, వెనక్కి వెళ్ళి తనే దిద్దుకుంది. కోర్తే అన్నప్పుడు గొంతు మారలేదు. ఇరియార్తె రాయడం ఆపేసింది.

"ఆయన ఏమని అరుస్తున్నాడు?" అని అడిగింది.

నూకరత్నం నా వైపు చూడలేదు. కిటికీ వైపు చూసింది.

"ఊరివాళ్ళు నాతో చెప్పారు," అంది. "ఆయన కోసెయ్యి అన్నాడని. చాలాసార్లు చెప్పారు. మంచివాళ్ళు." కొంచెం ఆగింది. మాట వెతుక్కుంది. "వాన పడుతూ ఉంది. నాకు వినపడలేదు."

పొయ్యిలో ఏదో చిటపటమంది. ఇరియార్తె జేబురుమాలుతో ముక్కు తుడుచుకుంది. జలుబు ఇంకా తగ్గినట్టు లేదు.

"ఆగు అని అని ఉండొచ్చా?"

"ఉండొచ్చు."

"ఇది మీదేనా?"

"నాదే," అంది నూకరత్నం. "ఇంకెవరిదీ కాదు."

ఇరియార్తె కాగితం మీద ముద్ర వేసి, లేచి, అవతలి గుమ్మం తనే తీసి పట్టుకుంది. మిగతావాళ్ళకి అలా తీయలేదు.

నమోదు 53

నిన్న రాయాల్సింది ఇంకా ఉంది. నిన్న చేతకాలేదు.

నూకరత్నం మూట ఓడలోనే ఉండిపోతే లాంచీవాళ్ళు తెచ్చారు. ఇవ్వడానికి నేనూ గుమ్మం దాటాను. రేవులో పొన్నరేవు వాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు, కొత్త నేల మీద ఎటు నడవాలో తెలియక.

మంగ వచ్చింది. నాచు తోటల్లో వేసుకునే రబ్బరు బూట్లతోనే. తల్లిని పట్టుకుంది. ఇద్దరూ అలాగే ఉన్నారు చాలాసేపు. తర్వాత మంగ తల్లి చేతులు తీసుకుని చూసింది, పగుళ్ళు.

"నాన్న ఆకర్ని ఏవన్నా అన్నాడా అమ్మా, జొరంలో?" అంది. "నన్నేమన్నా తలిసేడా?"

గుంపులో అందరూ నూకరత్నం వైపు చూశారు. ఎవరైనా ఒకరు అంటే చాలు. తలిచాడమ్మా, నీ పేరే అన్నాడు అంటే అయిపోయేది. అందరూ అవునని ఉండేవాళ్ళు. బుల్లెబ్బాయి నోరు తెరవబోయాడు. నూకరత్నం చెయ్యెత్తి ఆపింది.

స్పానిష్‌లో మొదలుపెట్టింది.

మంగ ముందు నవ్వింది. తల్లి కొత్త భాష చూపించుకుంటోందనుకున్నట్టుంది. షెల్టరు స్తంభం దగ్గర ఆ నవ్వు పోయింది. ఈ ఊళ్ళో ఎవరూ గింజ పెట్టుకోరు. ఆ పిల్లకి ఈ భాష నాకంటే బాగా వచ్చు. ప్రతి మాటా అర్థమైంది. తల్లి చేతులు ఎప్పుడు వదిలేసిందో నేను గమనించలేదు. నూకరత్నం చివరిదాకా చెప్పింది. వాన దాకా, వినపడలేదన్నదాని దాకా. గదిలో చెప్పినదానికి ఒక్క ముక్క కలపలేదు, తీయలేదు.

మంగ నా చేతిలోంచి మూట తీసుకుని, రోడ్డు వైపు నడిచింది. గబగబా, బూట్లు చప్పుడు చేసుకుంటూ. నూకరత్నం కదల్లేదు. అది రమ్మన్నట్టో కాదో ఆమెకి తెలియదు. మాకెవరికీ తెలియదు.

రోడ్డు ఎత్తుగా ఉంది. సగం దూరం వెళ్ళాక మంగ ఆగింది. వెనక్కి తిరగలేదు. మూట ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుని, అలాగే అటు తిరిగి నిలబడింది.

"ఎల్లవే అక్కా," అన్నాడు బుల్లెబ్బాయి మెల్లగా.

నూకరత్నం చెంగు బిగించుకుని ఎక్కడం మొదలుపెట్టింది. ఆమె నడక నెమ్మది. మంగ అక్కడే ఉంది.